అరటి గెల మోస్తూ ఆస్ట్రేలియా చూడాలంటే

పోయిన సంచికలో, బ్యాగు వీపుకి తగిలించుకుని దేశాలు తిరుగుతూ డబ్బులైపోయినప్పుడల్లా పొలాల్లోనో హోటళ్లలోనో పని చేసుకునే కుర్రాళ్ల గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి మన ఒడిశాలో బరంపురం నుంచి జయపురం దాకా తెలుగోళ్ల దగ్గర్నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అస్సలు అనుకోలేదు. ఎక్కువమంది అడిగింది ఆస్ట్రేలియా గురించే కాబట్టి ఈసారి కాలమ్ అంతా దానికే ఇచ్చేస్తున్నా. ఊళ్ల పేర్లు వేశాను, మనుషుల పేర్లు వెయ్యలేదు. మనవైపు ఇంటిపేరు చెప్తే చాలు తాతగారు ఏ వీధిలో ఉండేవారో కూడా చెప్పేస్తారు కదా.

*బరంపురం, 24 ఏళ్ల అమ్మాయి: అక్కా, నేను హోటల్ మేనేజ్‌మెంట్ మూడేళ్లు చదివి గోపాల్‌పూర్‌లో ఒక హోటల్ రిసెప్షన్‌లో చేస్తున్నా. ఆస్ట్రేలియాలో ఏడాది తిరుగుతూ పని చేసుకునే వీసా మనకి కూడా ఇస్తున్నారంట, ఒక ఏజెంట్ మూడున్నర లక్షలు ఇస్తే గ్యారంటీగా వచ్చేస్తుంది, సగం ముందు కట్టు అంటున్నాడు. నాన్న గోల్డ్ లోన్ పెడతానంటున్నారు. నమ్మొచ్చా?*

వీసా నిజం, గ్యారంటీ అబద్ధం. నాన్నగారిని బంగారం బీరువాలోనే ఉంచమను ముందు.

ఆ వీసాని వర్క్ అండ్ హాలిడే అంటారు, నంబర్ 462. ఆస్ట్రేలియాకీ మనకీ 2022లో వ్యాపార ఒప్పందం కుదిరింది కదా, అందులో భాగంగా మనవాళ్లకి ఏటా 1000 వీసాలు ఇస్తామన్నారు, 2024 సెప్టెంబర్ 16 నుంచి తలుపు తీశారు. దేశం మొత్తానికి వెయ్యే, అడిగేవాళ్లు వేలల్లో. అందుకని లాటరీ పెట్టారు. లాటరీలో పేరు వేసుకోవడానికి 25 ఆస్ట్రేలియా డాలర్లు, అంటే మన డబ్బుల్లో పదిహేనొందల చుట్టుపక్కల. కంప్యూటర్ తీసే లాటరీకి బరంపురంలో కూర్చున్న మనిషి గ్యారంటీ ఎలా ఇస్తాడో నువ్వే అడుగు ఒకసారి, మొహం చూడాలి అప్పుడు.

వాళ్లు చేసేది ఏంటంటే, పదిమంది దగ్గర డబ్బులు తీసుకుని పదిమంది పేర్లూ వేస్తారు, ఎవరికైనా తగిలితే నా వల్లే అంటారు, తగలనోళ్లకి వచ్చే ఏడాది చూద్దాం అంటారు. ఇంకో పని కూడా చేస్తారు, నీ పేరు మీద అకౌంట్ వాళ్ల మెయిల్ ఐడీతో తెరుస్తారు, దాంతో నీకు తగిలిందో లేదో కూడా నీకు తెలీదు. ఇమ్మిఅకౌంట్ అని ఆస్ట్రేలియా ప్రభుత్వ సైట్‌లో అకౌంట్ ఉంటుంది, అది నువ్వే నీ మెయిల్‌తో, నీ ఫోన్ నంబర్‌తో తెరుచుకో. పాస్‌పోర్ట్, పాన్ కార్డ్ ఉంటే రిజిస్ట్రేషన్ అయిపోతుంది, గోపాల్‌పూర్‌లో గెస్ట్ చెకిన్ చేసేదానివి, ఈ ఫారం నీకో లెక్క కాదు. పేర్లు ఏడాది పొడుగునా తీసుకోరు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని అదే సైట్‌లో చెప్తారు. తగిలితే మెయిల్ వస్తుంది, వచ్చాక 28 రోజుల్లో అసలు వీసాకి అప్లై చెయ్యాలి. ఆ వీసా ఫీజు 2025 జులై నుంచి 670 డాలర్లు, ఏటా జులైలో పెంచుతుంటారు, కట్టేముందు చూసుకో.

కావాల్సినవి: వయసు 18 నుంచి 30 మధ్య, +2 తర్వాత కనీసం రెండేళ్ల చదువు, అక్కడ పని నడిపించుకోగలిగేంత ఇంగ్లిష్, ఇంకా బ్యాంకులో 5000 డాలర్లు, దానిపైన తిరుగు టికెట్‌కి సరిపడా డబ్బు. అంటే సుమారు మూడు లక్షల పైమాటే. చూశావా, ఏజెంట్ అడిగిన మూడున్నర లక్షలు నీ దగ్గర ఉంటే అవి నీ అకౌంట్‌లోనే ఉండాలి, వీసా ఆఫీసు చూడాలనుకునేది కూడా అదే.

మన ఒడిశా తెలుగోళ్లకి మాత్రం ఇంకో తలనొప్పి ఉంది, దాన్ని ఇప్పుడే తేల్చుకో. బోర్డు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాన్‌లో విప్పి రాస్తారు, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు, కాలేజీలో ఒడియా క్లర్క్ ఇంటిపేరుని చివరికి తోసేస్తాడు. ఒకే మనిషికి నాలుగు పేర్లు. ఇక్కడ ఎవరూ పట్టించుకోరు, అక్కడ మాత్రం పాస్‌పోర్ట్‌లో ఏముందో లాటరీలోనూ అదే అక్షరం అక్షరం ఉండాలి. లాటరీ తగిలాక 28 రోజుల్లో పాన్ కరెక్షన్ అని పరిగెత్తడం కంటే ఈ నెలలోనే మొదలుపెట్టు.

నీ హోటల్ అనుభవం బంగారం అక్కడ. ఒక్క సంగతి, రెండో ఏడాది వీసాకి లాటరీ లేదు, మొదటి ఏడాదిలో వాళ్లు చెప్పిన చోట, చెప్పిన రకం పని మూడు నెలలు చేస్తే చాలు. ఆ రెండో ఏడాదిలో అలాంటి పనే ఆరు నెలలు చేస్తే మూడోది. హోటల్ పని లెక్కలోకి రావాలంటే మాత్రం ఉత్తర ఆస్ట్రేలియాలోనో బాగా మారుమూలనో చెయ్యాలి, కెయిర్న్స్, డార్విన్, బ్రూమ్, ఎడారి మధ్యలో ఆలిస్ స్ప్రింగ్స్, అలాంటి చోట్లు. సిడ్నీలో ఫైవ్ స్టార్‌లో ఏడాదంతా చేసినా ఈ లెక్కకి సున్నా. ఉత్తరాన మే నుంచి అక్టోబర్ దాకా వానలుండవు, టూరిస్టులు ఎగబడతారు, పనులు దొరికేది అప్పుడే, డిసెంబర్లో దిగితే ఖాళీ హోటళ్లు, ఉక్కపోత. హైవేల మీద వందల కిలోమీటర్లకొక రోడ్‌హౌస్ ఉంటుంది, పెట్రోల్ బంకు, వంటిల్లు, నాలుగు గదులు, బారు అన్నీ ఒకే కప్పు కింద, అక్కడ పని చేస్తే గది కూడా వాళ్లే ఇస్తారు, ఖర్చుపెట్టడానికి చుట్టుపక్కల ఏమీ ఉండదు కాబట్టి డబ్బు మిగులుతుంది. బారులో మందు పొయ్యాలంటే ఆర్‌ఎస్‌ఏ అని చిన్న సర్టిఫికెట్ కావాలి, ఆన్‌లైన్‌లోనో ఒక పూట క్లాసులోనో అయిపోతుంది, ఏ రాష్ట్రంలో చేస్తావో ఆ రాష్ట్రానిదే చూసుకో. కాఫీ మెషిన్ మీద చెయ్యి తిరగడం మాత్రం ఇక్కడే నేర్చుకుని వెళ్లు, అక్కడోళ్లు కాఫీ దగ్గర మన పెళ్లివారి కంటే ఎక్కువ వంకలు పెడతారు.

*రాయగడ, 22 ఏళ్ల అబ్బాయి: మాది జీడిమామిడి తోట, మామిడి కూడా ఉంది, చిన్నప్పటి నుంచి కోతలు అలవాటే. అక్కడ తోటపనిలో రోజుకి ఇరవై వేలు వస్తాయని వీడియోల్లో చెప్తున్నారు. నిజమేనా అక్కా?*

వచ్చే రోజులుంటాయి. రాని రోజుల వీడియో ఎవడూ తియ్యడు.

లెక్క చెప్తా విను. 2025 జులై 1 నుంచి అక్కడ కనీస కూలి గంటకి 24.95 డాలర్లు. తోటల్లో ఎక్కువగా క్యాజువల్ కింద పెట్టుకుంటారు, అంటే సెలవులూ గట్రా ఏమీ ఉండవు, దానికి బదులు 25 శాతం కలిపి ఇస్తారు, గంటకి 31 దాటుతుంది. వారానికి 38 గంటలు పడితే సుమారు 1185. అందులో 15 శాతం పన్ను. మామూలు ఆస్ట్రేలియా వాళ్లకి మొదట కొంత ఆదాయం మీద పన్నుండదు గానీ మన వీసా మీద వచ్చినోళ్లకి మొదటి డాలర్ నుంచే కోస్తారు, ఏడాదికి 45000 డాలర్ల దాకా ఇదే రేటు. ఇంక చేతికొచ్చేది వారానికి వెయ్యి. హాస్టల్‌లో మంచానికే వారానికి రెండొందలు దాటుతుంది, తిండి, పొలం దాకా వ్యాన్ చార్జి, ఫోన్. వాన పడితే కోత ఆగుతుంది, నీ కూలీ ఆగుతుంది, మంచం అద్దె ఆగదు. ఒక తోట అయిపోయి ఇంకో తోటకి బస్సెక్కి వెళ్లే వారం కూడా అంతే.

సూపర్ అని ఒకటుంది, మన పీఎఫ్ లాంటిది, యజమాని జీతం పైన ఇంకో 12 శాతం వెయ్యాలి. దేశం విడిచి వచ్చేశాక అడిగి తీసుకోవచ్చు గానీ మన వీసా వాళ్లకి అందులో 65 శాతం పన్ను కింద ఉంచేసుకుంటారు. దుర్మార్గమే, కానీ ముందే తెలిస్తే ఆ డబ్బు మీద చెల్లెలి పెళ్లి ప్లాన్ వెయ్యవు.

కొన్నిచోట్ల గంటలెక్క కాకుండా బుట్టకింత, బిన్నుకింత అని పీస్ రేటు ఇస్తారు. ఒకప్పుడు చెయ్యి తిరగనోడికి రోజంతా కోసినా హాస్టల్ అద్దె కూడా వచ్చేది కాదు. 2022 ఏప్రిల్ 28 నుంచి రూల్ మారింది, పీస్ రేటు మీద చేసినా ఆ గంటలకి కనీస కూలి కంటే తగ్గకూడదు. ఇది తెలీని కుర్రాళ్లే ఇప్పటికీ మోసపోతున్నారు, నువ్వు మాత్రం రోజూ ఎన్నింటికి దిగావో ఎన్నింటికి ఎక్కావో ఫోన్‌లో రాసుకో.

పని సంగతి. నువ్వు అనుకునే కోత వేరు, అది వేరు. మన తోటలో ఎండెక్కితే చెట్టుకింద కూర్చుంటాం, చద్దన్నం తింటాం, మాటలు చెప్పుకుంటాం. అక్కడ చీకటుండగానే వ్యాన్ ఎక్కాలి, వరసలో పక్కవాడి కంటే వెనకపడితే సూపర్‌వైజర్ కంటపడతావు. క్వీన్స్‌లాండ్‌లో టల్లీ, ఇన్నిస్‌ఫెయిల్ అని రెండు ఊళ్లున్నాయి, అరటికి పేరు, ఏడాది పొడుగునా పని ఉంటుంది, వానలు కూడా మన ఆషాఢం సిగ్గుపడేంత. అక్కడ మగపిల్లల్ని గెలలు మొయ్యడానికి పెడతారు, ఒకడు నరుకుతుంటే భుజం మీద పట్టుకుని ట్రైలర్‌కి చేర్చాలి, గెల యాభై కిలోలు దాటేవి కూడా ఉంటాయి, మొదటి వారం అయ్యాక చాలామంది షెడ్‌లో ప్యాకింగ్ ఇవ్వండి బాబూ అని బతిమాలుకుంటారు. మామిడి డార్విన్, కేథరిన్ వైపు సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఉంటుంది, సొన కారి చేతులూ మెడా బొబ్బలెక్కుతాయి, తెల్లోళ్లకి అది పెద్ద షాకు, నీకు జీడిసొనే అలవాటు కాబట్టి అక్కడ నువ్వే హీరోవి. ద్రాక్ష మిల్డురాలో ఫిబ్రవరి నుంచి, చెర్రీ టాస్మేనియాలో డిసెంబర్, జనవరి. ఈ వరస పట్టుకుని పైనుంచి కిందికి తిరిగితే దేశం కూడా చూసేసినట్టవుతుంది, అసలు ఈ వీసా పెట్టింది అందుకే. ఏడాదికి పది లక్షలు ఇంటికి పంపుతానని వెళ్లేవాడికి ఇది తప్పు దారి, వెళ్లిరావడానికయిన ఖర్చు తీరి, నాలుగు చోట్లు చూసి, కాస్త మిగిల్చుకుని వస్తానంటే దీనికంటే మంచి దారి ఇంకోటి లేదు.

*గుణుపురం అబ్బాయి, ప్రస్తుతం క్వీన్స్‌లాండ్‌లో: మేడమ్, ఇక్కడ ఒక కాంట్రాక్టర్ కింద తోటలో చేస్తున్నా. చేతికి క్యాష్ ఇస్తాడు, స్లిప్పు ఉండదు. ఏబీఎన్ తీసుకోమన్నాడు, తీసుకున్నా. పాస్‌పోర్ట్ సేఫ్‌గా ఉంటుందని వాళ్ల దగ్గరే పెట్టారు. గట్టిగా అడిగితే రెండో వీసాకి నీ రోజులు సంతకం పెట్టను, ఇమ్మిగ్రేషన్‌కి ఫోన్ చేస్తా అంటున్నాడు. ఇంట్లో చెప్పలేదు. ఏటి చెయ్యాలో తెలీడం లేదు.*

బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్కొక్కటే చెప్తా, చదివాక భయం సగం తగ్గుతుంది.

పాస్‌పోర్ట్ ముందు. అది ఎవడి దగ్గరా ఉండకూడదు, అలా పెట్టుకోవడం అక్కడ నేరం. బ్యాంకులో పని ఉంది కావాలి అని అడుగు, కారణం అంతకంటే పెద్దది చెప్పొద్దు. ఇవ్వకపోతే ఆ ఊరి పోలీస్ స్టేషన్‌కి నేరుగా వెళ్లు, అక్కడ స్టేషన్‌కి వెళ్లడం మనవైపు వెళ్లినట్టు కాదు.

ఏబీఎన్ అంటే నువ్వు సొంతంగా వ్యాపారం చేసుకునేవాడివని అర్థం. కూలివాడివి కాదు కాబట్టి కనీస కూలి అడగకూడదు, సూపర్ అడగకూడదు, దెబ్బ తగిలితే నీ చావు నువ్వు చావు, కాంట్రాక్టర్‌కి అదీ లాభం. కానీ వాడు చెప్పిన టైముకి వెళ్లి, వాడు చూపించిన వరసలో, వాడిచ్చిన కత్తితో గెల కోసేవాడు వ్యాపారి ఎలా అవుతాడు? చట్టం కూడా ఇదే చూస్తుంది, కాగితం మీద ఏం రాశారనేదే ఆఖరి మాట కాదు. నీకు కావాల్సింది టీఎఫ్‌ఎన్, పన్ను నంబర్, ట్యాక్స్ ఆఫీసు సైట్‌లో ఉచితంగా ఇస్తారు, లేకపోతే వెంటనే అప్లై చెయ్యి.

క్యాష్ ఇవ్వడం తప్పు కాదు, స్లిప్పు ఇవ్వకపోవడం తప్పు. జీతం ఇచ్చిన రోజు నుంచి ఒక్క పనిదినం లోపల పేస్లిప్ ఇవ్వాలి. రోజులు సంతకం పెట్టను అంటున్నాడు చూశావా, నీ రోజులు వాడి జేబులో లేవు, పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పన్ను కాగితాలు, ఇవి నీ రుజువులు. సంతకం కోసం డబ్బులు అడిగేవాళ్లు కూడా ఉన్నారు, ఎంత తక్కువకిస్తానన్నా కొనొద్దు, పట్టుబడితే వీసా పోయేది నీది.

ఇమ్మిగ్రేషన్ పేరు చెప్పి బెదిరించడం గురించి. 2024 జులై 1 నుంచి అక్కడ కొత్త చట్టం ఉంది, వీసాని అడ్డం పెట్టుకుని పనివాడిని లొంగదీసుకోవడమే నేరం అయ్యింది. కూలి ఎగ్గొట్టారని ఫిర్యాదు చేసినవాడి వీసా ఆ కారణంగా తీసేయకుండా కాపాడే ఏర్పాటు కూడా చేశారు. ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ అనే ప్రభుత్వ ఆఫీసుకి 13 13 94కి ఫోన్ చెయ్యి, ఇంగ్లిష్‌లో తడబడితే ముందు 131 450కి చేసి తెలుగు దుబాసీ కావాలని అడుగు, వాళ్లే లైన్ కలుపుతారు. పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వొచ్చు. తక్కువిచ్చిన కూలి ఆరేళ్ల వెనక్కి దాకా అడగొచ్చు, కాబట్టి ఇవాళే కొట్లాట పెట్టుకోవాల్సిన పని లేదు. గంటలు రాసుకో, వాడితో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు చెరపకు, వ్యాన్ ఎక్కిన టైము, తోట గేటు ఫొటోలు తీసిపెట్టుకో, అన్నీ ఇంటికి మెయిల్ చేసుకో.

ఇంకోటి, క్వీన్స్‌లాండ్‌లో కూలీల్ని పంపే కాంట్రాక్టర్‌కి 2018 నుంచి లైసెన్స్ తప్పనిసరి. లైసెన్సున్న వాళ్ల లిస్టు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడొచ్చు, నీ కాంట్రాక్టర్ పేరు కొట్టి చూడు. లేడంటే తోట యజమాని కూడా ఇరుక్కుంటాడు, అందుకే యజమానులు ఆ మాట వింటే వెంటనే దారికొస్తారు.

మనకి ఈ కథ కొత్తది కాదు, అదే నాకు బాధ. బలంగీర్, నువాపడా వైపు నువాఖాయి పండగ అవ్వగానే దాదన్ సర్దార్లు, అంటే కూలీల్ని కుదిర్చే దళారులు, అడ్వాన్స్ చేతిలో పెట్టి కుటుంబాలకి కుటుంబాల్ని తెలంగాణ ఇటుక బట్టీలకి తోలుకుపోతారు, కాగితం ఉండదు, లెక్క సర్దార్ నోట్లో ఉంటుంది. నీ కాంట్రాక్టర్ ఇంగ్లిష్ మాట్లాడే సర్దార్, అంతే తేడా. కాకపోతే నీ చేతిలో ఫోన్ నంబర్ ఉంది, వాళ్ల చేతిలో లేదు. ఇంట్లో కూడా చెప్పు బాబూ, కనీసం అన్నయ్యకైనా.

*పర్లాకిమిడి నుంచి ఒక తల్లి: మా అమ్మాయికి పోయిన విడతలో లాటరీ తగిలింది. ఒంటరిగా పొలాల్లో పని చేస్తానంటోంది. సంబంధాలు చూస్తున్న టైములో ఇదేం పిచ్చి అని మా వారు మాట్లాడడం మానేశారు. ఆడపిల్లకి క్షేమమేనా? మీ పిల్లయితే పంపుతారా?*

పంపుతానండీ. కానీ మీ అమ్మాయిని కూర్చోబెట్టుకుని కొన్ని మాట్లాడాకే.

2000 జూన్ 23న క్వీన్స్‌లాండ్‌లో చిల్డర్స్ అనే చిన్న ఊళ్లో, పళ్లు కొయ్యడానికొచ్చిన కుర్రాళ్లుండే హాస్టల్‌కి ఒకడు నిప్పు పెట్టాడు, 15 మంది పోయారు. పొగ అలారాలు పని చెయ్యలేదు, ఒక గదిలో కిటికీకి ఊచలున్నాయి, తలుపుకి మంచం అడ్డం పెట్టి ఉంది. ఆ తర్వాత రూల్స్ గట్టిపడ్డాయి. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు ఇది చెప్పేది, హాస్టల్‌లో దిగిన రాత్రే బయటికి దారులెన్ని, కిటికీ తెరుచుకుంటుందా, మంచం ఎక్కడుంది, ఇవి చూసుకునే అలవాటు అమ్మాయికి ఉండాలని. గది నచ్చకపోతే ఆ రాత్రికే మారిపోయేంత డబ్బు ఎప్పుడూ దాని దగ్గర విడిగా ఉండాలి. నా దృష్టిలో ఆడపిల్లకి అసలు రక్షణ అదే, కదిలిపోగలిగే డబ్బు. అందుకే ఆ 5000 డాలర్లు వీసా కోసం చూపించి అప్పు తీర్చేసే డబ్బు కాకూడదు, నిజంగా దానిదే అయ్యుండాలి.

మొదటి పని ఊరికి దూరంగా, ఒకే కుటుంబం ఉన్న పొలంలో వద్దనండి. పదిమంది అమ్మాయిలుండే హాస్టల్ నుంచి వెళ్లొచ్చే ప్యాకింగ్ షెడ్ పనో, ఊళ్లో హోటల్ హౌస్‌కీపింగో చూసుకోమనండి. మారుమూల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, టెల్‌స్ట్రా సిమ్‌కి మిగతావాటికంటే ఎక్కువ చోట్ల అందుతుంది, ఖరీదెక్కువైనా అదే తీసుకోమనండి. ఎమర్జెన్సీకి 000, మూడు సున్నాలు. ఇన్సూరెన్స్ ఇక్కడే తీసుకోవాలి, కొన్ని దేశాల వాళ్లకి అక్కడి ప్రభుత్వ వైద్యం దొరుకుతుంది, మనకి ఆ ఒప్పందం లేదు. పాలసీలో పొలం పని కవర్ అవుతుందా అని రాతపూర్వకంగా అడగండి, టూరిస్ట్ పాలసీల్లో చాలావాటికి పని చేస్తూ తగిలిన దెబ్బ లెక్కలోకి రాదు.

సంబంధాల సంగతి నాకు తెలీదమ్మా, ఏడాది ఆగలేని సంబంధం ఎలాగూ తర్వాత దేనికీ ఆగదని మాత్రం మీ వారితో నా మాటగా చెప్పండి. కోపం వస్తే నా మీదే రానివ్వండి.

*జయపురం, ధాబాలో వంటమాస్టర్, 33 ఏళ్లు: పదో తరగతి పాసయ్యాను. నాకు కుదురుతుందా?*

ఈ వీసా కుదరదు తమ్ముడూ, వయసూ చదువూ రెండూ అడ్డం. టూరిస్ట్ వీసా మీద వెళ్లి వంట చేసుకో అనేవాడి మాట అస్సలు వినకు. గల్ఫ్‌కి వెళ్లే ఆలోచన ఉంటే మన ప్రభుత్వం వాళ్ల ఈమైగ్రేట్ సైట్‌లో రిజిస్టరైన ఏజెంటేనా కాదా చూసుకో, అలాంటి ఏజెంట్ తీసుకోవాల్సిన సర్వీస్ చార్జి 30000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే. లక్ష అడిగాడంటే లేచి వచ్చెయ్.

*గుణుపురం, ఇంజినీరింగ్ ఫైనలియర్: జీతం లేకుండా తిండీ, మంచం ఇస్తే పొలంలో సాయం చేసే పద్ధతి ఉందంట, దానికి పని వీసా అక్కర్లేదు కదా?*

వూఫ్ అంటారు దాన్ని, 1971లో ఇంగ్లండ్‌లో మొదలైంది, సేంద్రియ పొలాల్లో రోజుకి కొన్ని గంటలు సాయం చేస్తే భోజనం, బస. పద్ధతి మంచిదే, మనుషులు కూడా చాలావరకు మంచోళ్లే. కానీ చాలా దేశాల్లో తిండీ బసా కూడా జీతం కిందే లెక్క, టూరిస్ట్ వీసా మీద దిగి ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్‌తో పొలంలో పని చేస్తా అన్నావంటే అదే ఫ్లైట్‌లో వెనక్కి పంపినా పంపుతారు. ఏ దేశానికి వెళ్తున్నావో ఆ దేశం రూల్ చదువుకో. ఆస్ట్రేలియాలో అయితే రెండో వీసా కోసం చూపించే మూడు నెలలకి జీతం లేని పని పనికిరాదు.

*బరంపురం, డిగ్రీ అయిన ఇద్దరు ఫ్రెండ్స్: ఆస్ట్రేలియా తగలకపోతే వేరే దారుందా?*

బ్రిటన్‌ది యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ అని ఉంది, మనవాళ్లకి ఏటా 3000, అదీ లాటరీయే, పేరు వేసుకోవడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు. 18 నుంచి 30 ఏళ్లు, డిగ్రీ, బ్యాంకులో 2530 పౌండ్లు. రెండేళ్లుండొచ్చు. తగిలాక మాత్రం హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 చొప్పున రెండేళ్లకి 1552 పౌండ్లు ముందే కట్టించుకుంటారు, వీసా ఫీజు వేరే. రెండిటికీ పేర్లు వేసెయ్యండి, తప్పేం లేదు.

*మళ్లీ బరంపురమే, ఒక అమ్మమ్మగారు మనవడి చేత రాయించారు: పిల్లాడితో ఆవకాయ, అప్పడాలు, కాసిని ఎండుచేపలు పంపొచ్చా?*

పంపండి గానీ దాచి పంపకండి అమ్మమ్మా. విమానంలో ఒక కార్డు ఇస్తారు, తినే వస్తువులు ఏమున్నా ఉన్నాయని అందులో టిక్కు పెట్టాలి. చెప్తే చూస్తారు, కుదిరితే వదిలేస్తారు, కుదరకపోతే ఆ డబ్బా తీసేసుకుంటారు, అంతటితో సరి. చెప్పకుండా దొరికితే జరిమానా వేలల్లోకి కూడా పోవచ్చు, డాలర్లలో. ఇంటి ఆవకాయ కంటే కంపెనీ సీలున్న సీసా, మీద ఏమేం వేశారో ఇంగ్లిష్‌లో రాసి ఉన్నది, దాటే అవకాశం ఎక్కువ. విత్తనాలు, పచ్చి కరివేపాకు మాత్రం వద్దు. పిల్లాడు మీ తోటలో వేసుకున్న బూట్లు పట్టుకెళ్తుంటే వాటిని కూడా అడుగునుంచి బాగా కడిగించండి, మట్టి అంటుకుని ఉంటే దానికి కూడా అడ్డగిస్తారు, వాడు పని చెయ్యబోయే తోటలకి మన తెగులు అంటకూడదని.